ఉత్తర నైజీరియాలో మాధ్యమిక విద్య

నైజీరియా దేశపు ఉత్తర ప్రాంతమున మాధ్యమిక పాఠశాలలు ఆలస్యముగా వెలసినవి. అచ్చటి ముస్లిములకు చదువుపై శ్రద్ధ లేకపోవుటయే ఇందుకు కారణమని పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదని మా అభిప్రాయము.

1903లో ఆంగ్లేయులు సొకోటోను జయించునాటికే అచ్చట ఖురాను పాఠశాలలు విస్తారముగా నుండెను. హౌసా భాషను అరబ్బీ లిపిలో వ్రాయు పద్ధతి కూడ గలదు. దానిని ‘అజమీ’ యందురు. మన ఉర్దూ విద్యార్థులకిది వింతగా తోచదు. హౌసాలో బడిని ‘మకరంతా’ యందురు. చదువుటను తెలుపు అరబ్బీ ధాతువు నుండియే ఆ మాట పుట్టినది. సొకోటో రాజ్యమున నానా అస్మావు (1793–1864) అను విదుషి పద్యములు రచించి, వాటిని నేర్చిన స్త్రీలనే ఉపాధ్యాయినులుగా పల్లెలకు పంపినది.

మరి లోపమెచ్చట? దక్షిణమున లాగోసు నగరములో మిషనరీల గ్రామర్ స్కూలు 1859లోనే వెలసినది. ఉత్తరమున మతవిషయములలో జోక్యము చేసికొనబోమని పాలకులు అమీర్లకు మాట ఇచ్చి, మిషనరీలను చాలవరకు దూరముంచిరి. మాట నిలుపుకొనుట మెచ్చదగినదే. కాని మిషనరీలు కట్టని బడులను తామైనను కట్టవలదా? చాలకాలము ఆ పని అరకొరగానే సాగినది. తుదకు 1921లో కట్సీనా కళాశాల స్థాపితమైనది. విద్యార్థులు తమ దేశీయ దుస్తులలోనే, నమాజు వేళలు తప్పకనే, ఆంగ్లవిద్య నభ్యసించిరి. మతమునకు, నూతనవిద్యకు వైరము లేదని ఆనాడే రుజువైనది. స్వతంత్ర నైజీరియా ప్రథమ ప్రధాని అబూబకర్ తఫావా బలేవా, ఉత్తర ప్రాంత ప్రథమ ముఖ్యమంత్రి అహమదు బెల్లో ఇరువురును అచ్చటి విద్యార్థులే. ఆ కళాశాల కడూనాకు, పిదప 1949లో జారియాకు తరలి, నేడు బరేవా కళాశాలగా ప్రసిద్ధము. ఇందరు నాయకులు ఒక్క బడినుండియే వచ్చుట దానికి కీర్తి. బడుల కొరతకు సాక్ష్యము కూడ.

అది బాలుర బడి. బాలికల కథ వేరు. 2014 ఏప్రిల్ 14 రాత్రి, బోర్నో రాష్ట్రములోని చిబోక్ ప్రభుత్వ బాలికల మాధ్యమిక పాఠశాల నుండి 276 మందిని సాయుధులు అపహరించిరి. దాడుల భయముతో బడి మూతపడినను, తుది పరీక్షలు వ్రాయుటకై ఆ బాలికలు తిరిగి వచ్చియుండిరి. శ్రద్ధ లేనివారిని గూర్చి వ్రాయు వారు ఈ సంగతిని మరువరాదు. అపహరింపబడినవారిలో కొందరు వెంటనే తప్పించుకొనిరి, కొందరు సంవత్సరములకు విడుదలైరి, పలువురి జాడయే తెలియలేదు. విడుదలైనవారిలో నూరుమందికి పైగా 2017లో యోలా నగరమందలి విశ్వవిద్యాలయమున చేరి, ఆగిన చదువును మరల అందుకొనిరి.