సేవాసంస్థలు – సేవకుల వేతనము

హౌరా స్టేషను నుండి బర్ద్వాన్ మార్గమున సాగు లోకల్ రైలుకు మొదటి మజిలీ లిలువా. 1900లో ఇచట రైలుపెట్టెల కర్మాగారము వెలసినది. దానిని, హుగ్లీ తీరపు జనపనార మిల్లులను నమ్ముకొని బీహారు, ఒడిశా, ఆంధ్ర ప్రాంతముల నుండి శ్రామికులు వచ్చి స్థిరపడిరి. భాషలు వేరైనను వారి కష్టములు ఒక్కటే: ఇరుకు ఇండ్లు, క్షయ, కుష్ఠు, వికలాంగులైన బిడ్డలు.

ఈ కష్టములే ఈ ప్రాంతమునకు సేవాసంస్థలను రప్పించినవి. లిలువా దాటిన పిదప వచ్చు బేలూరులో, వివేకానందస్వామి 1897లో స్థాపించిన రామకృష్ణ మిషన్ ప్రధానకేంద్రము గలదు. హౌరా వైపున పిల్ఖానా బస్తీలో సేవాసంఘ సమితి పనిచేసినది. వికలాంగ బాలల కొరకు 1976లో హౌరా సౌత్ పాయింట్ ఏర్పడినది.

ఇట్టి సంస్థలకు ధనమెచటి నుండి వచ్చును? ఫ్రెంచి రచయిత డొమినిక్ లాపియెర్ పిల్ఖానా జీవితము ఆధారముగా 1985లో ‘సిటీ ఆఫ్ జాయ్’ నవలను వెలువరించి, తన రాబడిలో సగమును కలకత్తా ప్రాంతపు సేవకు వినియోగించెను. ఆయన 2022లో మరణించెను. ఒక వ్యక్తి ఔదార్యము ఎంత గొప్పదైనను, దాని ఆయువు ఆ వ్యక్తి ఆయువును మించుట అరుదు.

కావున స్థిరమైన ఆధారము కావలెను. ఈ సత్యమును గుర్తించినవారిలో రాజమండ్రిలో జన్మించిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యులు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించిన ఆమె, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయమునకు 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను.

నేడు మార్గములు మారినవి. 2013 కంపెనీల చట్టము ననుసరించి, నిర్ణీత స్థాయి గల కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. 2020 సవరణ ప్రకారము విదేశీ విరాళములలో పరిపాలన వ్యయము 20 శాతము మించరాదు; పూర్వము ఈ పరిమితి 50 శాతము. ఒక సంస్థ పొందిన విరాళమును వేరొక సంస్థకు ఇయ్యరాదు. ధనము దారి తప్పకుండుటకు ఇట్టి నియమములు అవసరమే. వైద్యుని జీతము పరిపాలన వ్యయముగా లెక్కింపబడదు. అయినను, లెక్కలు వ్రాయువాని జీతము, కార్యాలయపు అద్దె ఆ పరిమితికి లోబడవలసినదే. పెద్ద సంస్థల ద్వారా విదేశీ సహాయము పొందుచుండిన చిన్న సంస్థలు వేరు దారి వెదకుకొనవలసి వచ్చినది.

వీటన్నిటికన్న లోతైన చిక్కు వేరొకటి గలదు. దాతలు భవనమునకు, అంబులెన్సుకు సంతోషముతో ఇత్తురు. వాటిపై పేరు వ్రాయవచ్చును. నర్సు నెలజీతముపై ఎవరి పేరును వ్రాయరు. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీసినట్లు, ఆసుపత్రి కట్టి ఆయా జీతమునకు వెనుదీయుచున్నాము. అధిక వేతనము దొరకిన చోటికి శిక్షణ పొందిన నర్సు వెడలిపోయినచో ఆమెను నిందింపలేము. ఆమెకును కుటుంబము గలదు.

అయితే నష్టపోవువారెవరు? నడక నేర్చుచున్న వికలాంగ బాలుడు ఒక చేతి స్పర్శకు అలవాటుపడును. ఆ చేయి మారినప్పుడెల్ల అతడు మరల మొదటి అడుగునకు రావచ్చును. సేవారంగమున మనుష్యుల కొనసాగింపే చికిత్సలో సగము.

కావున విరాళమిచ్చునపుడు “ఏమి కట్టించెదరు?” అని మాత్రమే గాక, “పనివారికి రాబోవు సంవత్సరము జీతమున్నదా?” అనియు ప్రశ్నింపవలెను. సేవచేయువాని ఇంట పొయ్యి వెలిగిననాడే సేవాదీపము నిలుచును.