మాటతో వెతికే రైతుకు సరైన సమాధానం: వెబ్ పేజీలలో స్కీమా గుర్తుల ఆవశ్యకత

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్ల నేడు సాఫ్ట్‌వేర్, విమాన భాగాల తయారీ సంస్థలకు నెలవు. మండలంలోని గ్రామాలలో వరి, మొక్కజొన్న, కూరగాయల సాగు కూడా కొనసాగుతున్నది. చేలో ఉన్న రైతుకు సెల్‌ఫోనులో టైపు చేయడం కంటె నోటితో అడగడం సులువు. గూగుల్ సంస్థ 2017 ఆగస్టులో తెలుగులో మాట ద్వారా వెతికే సౌకర్యం కల్పించినది. అయితే తెరపై పది ఫలితాలు కనిపించిన చోట, ఫోను చదివి వినిపించేది సాధారణంగా ఒక్క సమాధానమే. అది తప్పయితే నష్టం పంటకే.

మొక్కజొన్నలో కత్తెర పురుగును ఉదాహరణగా తీసుకోవచ్చు. మన దేశంలో ఇది 2018లో కర్ణాటకలో తొలిసారి గుర్తించబడినది. రైతు "మక్క చేనుకు పురుగు పట్టింది, ఏం మందు కొట్టాలె?" అని అడుగుతాడు. సిఫారసు పేజీలో "మక్క" అన్న మాటే ఉండకపోవచ్చు. మోతాదు పట్టికలో, ప్రమాణం శీర్షికలో ఉంటే యంత్రం అంకెను మాత్రమే గ్రహించే ప్రమాదం కలదు. హెక్టారు సుమారు రెండున్నర ఎకరాలు. కనుక హెక్టారు మోతాదును ఎకరాకు వాడితే మందు రెండున్నర రెట్లు పడుతుంది.

ఈ లోపాన్ని తగ్గించేందుకు ఉపకరించేది స్కీమా పదజాలం. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011 జూన్‌లో దీనిని ప్రారంభించాయి. జేసన్-ఎల్‌డీ రూపంలో పేజీలో చేర్చే ఈ గుర్తులు పాఠకునికి కనిపించవు. ఏ మాట పంట పేరో, ఏ అంకె మోతాదో వెతుకు యంత్రానికి తెలుపుతాయి.

గుర్తించవలసిన అంశాలు

1. పేరు: మొక్కజొన్నకు మారుపేరుగా మక్క, శాస్త్రీయ నామంగా జియా మేస్ చేర్చాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి అగ్రోవాక్ పదకోశంలో తెలుగు పదాలు కూడా కలవు, దానితో అనుసంధానించాలి.
2. మోతాదు: విలువను, ప్రమాణాన్ని వేర్వేరుగా, కాని జతగా నమోదు చేయాలి. ఉదాహరణకు ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి.కి విలువ 0.4, ప్రమాణం లీటరు నీటికి గ్రాములు.
3. తేదీ: చివరిగా సవరించిన తేదీ ఉండాలి. నిషేధించిన మందులు పాత పేజీలలో మిగిలిపోవడం సాధారణం.
4. వర్తించే ప్రాంతం, భాష: తెలంగాణకు చేసిన సిఫారసు మరో రాష్ట్రానికి సరిపోకపోవచ్చు.

పరిమితులు

గుర్తులు చేర్చినంత మాత్రాన ఆ పేజీయే వినిపిస్తుందన్న హామీ లేదు. చదివి వినిపించవలసిన భాగాన్ని సూచించే "స్పీకబుల్" గుర్తును గూగుల్ అమెరికాలో, ఆంగ్లంలో, ప్రయోగ దశలోనే ప్రవేశపెట్టినది. ప్రశ్నోత్తరాల ప్రత్యేక ప్రదర్శనను సైతం 2023లో ప్రధానంగా ప్రభుత్వ, ఆరోగ్య వెబ్‌సైట్లకు పరిమితం చేసినది. గుర్తులలోని సమాచారం పేజీలో కనిపించే పాఠంతో సరిపోలాలి. రైతు వాడే మాటలలోనే ప్రశ్న, దాని వెంటనే పూర్తి వాక్యంలో ప్రమాణంతో సహా సమాధానం ఉండాలి.

కావున పరిశోధనా స్థానాలు సిఫారసులను స్కాన్ చేసిన బొమ్మలుగా కాక పాఠంగా ప్రచురించి, ప్రతి సీజనుకు ముందు మోతాదులను, తేదీలను సరిచూడాలి. రైతులు విన్న మోతాదును మందు డబ్బాపై ఉన్న సూచనలతోను, వ్యవసాయ అధికారి వద్ద లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ద్వారాను నిర్ధారించుకొన్న పిదపనే పిచికారీ చేయాలి.