పైన బొమ్మ ఒకటి, లోపల ఆట ఒకటి

పాత సామాను సర్దేటప్పుడు మన ఇళ్లలో ఒక్కొక్కసారి అరచేయంత ప్లాస్టిక్ డబ్బా ఒకటి బయటపడుతుంది. పసుపుదో, నల్లదో, నీలిదో అయి ఉంటుంది. పైన తుపాకి పట్టిన వీరుడి బొమ్మ, దాని పక్కన ‘9999 ఇన్ 1’ అనే పెద్ద అక్షరాలు. 1990లలో విశాఖపట్నం పోర్టు క్వార్టర్లలోను, ఉక్కునగరంలోను పెరిగినవారికి దాన్ని చూపించండి, వెంటనే గుర్తుపడతారు. అది టీవీ గేమ్ క్యాసెట్. దాని అసలు పేరు కార్ట్రిడ్జ్. పాటల క్యాసెట్లకు అలవాటుపడిన మనవాళ్లు దీన్నీ క్యాసెట్టే అన్నారు. నిజానికి లోపల టేపు ఏమీ లేదు. ఒక చిన్న బోర్డు, దాని మీద ఆటను భద్రపరచిన చిప్పు మాత్రమే ఉంటాయి.

ఆటవస్తువు సంగతి సంఘ పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. పైరూపం వేరు, లోపలి సత్యం వేరు అని బిడ్డలకు చేతిలో పెట్టి చూపించడానికి ఇంతకంటె తేలికైన ఉదాహరణ లేదని మాకు తోచింది. పాత క్యాసెట్లకు లక్షలు వస్తాయన్న మాట కూడా ఇప్పుడు చెవిన పడుతున్నది గనుక, అందులో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

మొదటి క్యాసెట్ వెనుక మనిషి

తొలినాళ్ల టీవీ గేములలో ఆటలు యంత్రంలోనే బిగించి ఉండేవి. కొత్త ఆట కావాలంటే కొత్త యంత్రం కొనాల్సిందే. చిప్పు ఉన్న క్యాసెట్ మార్చుకొని ఆడే మొదటి యంత్రం 1976లో అమెరికాలో వచ్చింది. దాని పేరు ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్. దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు జెరీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు. ఆయన 1940లో న్యూయార్కులో జన్మించి 2011లో కన్నుమూశారు. బడిలో చేరిన మొదటి సంవత్సరంలో తన ఉపాధ్యాయురాలు జార్జి వాషింగ్టన్ కార్వర్ చిత్రపటాన్ని తన బల్ల పక్కన పెట్టి, నీవు కూడా ఇలా కావచ్చునని ధైర్యం చెప్పిందని ఆయన తరువాత ఒక సంభాషణలో గుర్తు చేసుకున్నారు. కార్వర్ బానిసత్వంలో పుట్టి, వేరుశనగ పరిశోధనలతో పేరుపొందిన భక్తిగల శాస్త్రవేత్త. ఒక టీచరమ్మ గోడకు తగిలించిన పటం ఒక పసివాని హృదయంలో ఎంత దూరం పనిచేసిందో చూడండి.

లాసన్ బృందానికి ఎదురైన చిక్కు చిన్నదేమీ కాదు. పసిబిడ్డలు రోజుకు ఎన్నోసార్లు క్యాసెట్ పెట్టి తీస్తుంటే, విద్యుత్తు అందుకునే పళ్లు అరగకూడదు, చిప్పు పాడవకూడదు. అందుకే బోర్డును గట్టి పసుపు డబ్బాలో అమర్చారు. అంటే మొదట్లో ఆ డబ్బా లోపలిదాన్ని కాపాడడానికి పుట్టినది.

ఒకే ఆటకు రెండు డబ్బాలు

విశాఖ రేవులో దిగే కంటైనర్లు ఏ దేశానివైనా 20 అడుగులవో, 40 అడుగులవో అయి ఉంటాయి. కొలత ఒకటే గనుక ఏ రేవులోని క్రేనైనా వాటిని ఎత్తగలదు. గేమ్ క్యాసెట్ల విషయంలో ఇలా జరగలేదు. ఒకే కంపెనీ, దేశానికొక కొలత పెట్టింది.

జపానుకు చెందిన నింటెండో కంపెనీ 1983లో ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. దాని క్యాసెట్లు చిన్నవి, రంగురంగులవి, అడుగున 60 పళ్లు. అదే యంత్రాన్ని 1985లో అమెరికాలో అమ్మేటప్పుడు రూపమంతా మార్చారు. అంతకు రెండేళ్ల ముందు అక్కడ వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది, దుకాణదారులు వాటి పేరెత్తితేనే వద్దనేవారు. అందువల్ల యంత్రాన్ని వీసీఆర్ లాగా కనిపించేట్టు చేసి, క్యాసెట్‌ను పెద్దదిగా, బూడిద రంగులో, 72 పళ్లతో తయారుచేశారు. డబ్బా పెరిగిందే గాని లోపలి బోర్డు చాలా ఆటలలో సగం జాగా కూడా నింపదు. తొలినాటి కొన్ని అమెరికా క్యాసెట్లను విప్పితే, లోపల జపాను బోర్డే 60 పళ్లను 72గా మార్చే ఒక అతుకుతో కూర్చొని ఉంటుంది.

రంగుకు అర్థం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. 1987లో అమెరికాలో వచ్చిన ‘జెల్డా’ ఆట బంగారు రంగు డబ్బాలో వచ్చింది. దానిలో చిన్న బ్యాటరీ ఉండేది. పిల్లవాడు సగంలో ఆపిన ఆటను ఆ బ్యాటరీ గుర్తుంచుకొనేది. అక్కడ పైన మెరుపు ఉంది, లోపల కూడా విశేషముంది.

మన బజారుకు వచ్చినవి

మన దేశపు ఇళ్లలోకి ఎక్కువగా వచ్చినవి నింటెండో యంత్రాలు కావు, ఫామికామ్ నమూనాను అనుసరించినవి. మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లు అప్పటివారికి గుర్తుండే ఉంటాయి. వాటిలో 60 పళ్ల క్యాసెట్లే పడతాయి. జీతం వచ్చిన వారంలో ఉక్కు కార్మికుడు గాజువాక నుండి జగదాంబ దాకా తిరిగి బిడ్డలకు ఒకటి కొనేవాడు. కొనలేని ఇళ్ల పిల్లలు దుకాణంలో గంట లెక్కన డబ్బిచ్చి ఆడుకొనేవారు.

ఆ క్యాసెట్లలో చాలావాటి డబ్బా రంగుకు ఏ అర్థమూ లేదు. తయారీదారు దగ్గర ఏ రంగు ప్లాస్టిక్ ఉంటే అదే. విప్పి చూస్తే మామూలు చిప్పు కూడా కనబడదు. బోర్డు మీద లక్క కరిగించి పోసినట్టు నల్లటి బొట్టు, దాని కింద చిప్పు. ఖర్చు తగ్గించే పద్ధతి అది. లేబుల్ మీది బొమ్మ ఏ సినిమా నుండి తీసినదో, ఆ ఆట లోపల ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక 9999 లెక్క. తెర మీద పేర్ల పట్టిక పేజీలకు పేజీలు తిరుగుతుంది. ఆడి చూస్తే అసలు ఆటలు చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మారియో మొదటి మెట్టు నుండి మొదలైతే ఒక ఆట, రెండో మెట్టు నుండి మొదలైతే మరో ఆట, ఎక్కువ ప్రాణాలిస్తే ఇంకో ఆట. ట్యాంకుల ఆటకూ, బాతులను కొట్టే ఆటకూ ఇదే తంతు. పేరు మార్చి, సంఖ్య పెంచి అమ్మారు. అంతకంటె బాధాకరమైనది మరొకటుంది. ఆ ఆటలను కష్టపడి తయారుచేసినవారి అనుమతి లేకుండా, వారికి పైసా చేరకుండా నకలు తీసి అమ్మినవే వీటిలో అధికం.

వాక్యపు వెలుగులో

దొంగత్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదట్లోనే ఉన్నది. త్రాసు అంటే తక్కెడ మాత్రమే కాదు. లేని సరుకును ఉన్నట్టు చెప్పే ప్రతి లేబుల్ కూడా దొంగత్రాసే. విత్తనాల సంచీ మీద, ఎరువు బస్తా మీద అబద్ధపు అక్షరాలు ఉంటే రైతు కుటుంబం ఎంత నష్టపోతుందో మన పల్లె సంఘాలకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలకు మొదటిసారి ఎదురైన అటువంటి లేబుల్ ఈ క్యాసెట్.

సమూయేలు ప్రవక్త యెష్షయి ఇంటికి వెళ్లినప్పుడు ఎత్తయిన పెద్ద కుమారుని చూచి ఇతడే అనుకున్నాడు. దేవుడు కోరుకున్నవాడు గొర్రెలను కాస్తున్న కడగొట్టువాడు. ఉక్కు ఫ్యాక్టరీలో కూడా చువ్వ నాణ్యతను మెరుపు చూచి నిర్ణయించరు. ప్రయోగశాలలో దాని పాళ్లనూ బలాన్నీ పరీక్షించి చెబుతారు.

ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే

ఆట రాకపోతే నోటితో ఊదడం అందరికీ అలవాటు. అది మేలు చేయదు. నోటి తడి పళ్లకు చిలుము పట్టిస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే విశాఖలో ఆ చిలుము మరింత త్వరగా వస్తుంది. యంత్రం ఆపి, పుల్లకు చుట్టిన దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి పళ్లను తుడిచి, బాగా ఆరిన తరువాత పెట్టండి.

కొన్ని క్యాసెట్లలో నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. తల్లులారా, ఇది జాగ్రత్తగా చదవండి. పసివాడు దాన్ని మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు. రేపు చూద్దామనక, ఆ నిమిషమే పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్లండి.

పనికిరాని క్యాసెట్లను చెత్తతో కలిపి కాల్చవద్దు, ఆ పొగ విషం. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనేవారికి ఇవ్వండి.

లక్షల సంగతి కూడా చెప్పాలి. 2021లో అమెరికాలో ‘సూపర్ మారియో 64’ క్యాసెట్ ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడైన మాట నిజమే. అయితే అది సీలు విప్పని అసలైన క్యాసెట్. మన ‘9999 ఇన్ 1’ అటువంటిది కాదు. లక్షలిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి అని ఎవరైనా అంటే కట్టవద్దు. ఎవరైనా కొనడానికి వస్తే నకలును నకలని చెప్పి అమ్మండి. విశ్వాసి నోటి మాట లేబుల్ కంటె నమ్మదగినదిగా ఉండాలి.

తల్లిదండ్రులారా, ఈ సెలవుల్లో ఆ పాత డబ్బా విప్పి బిడ్డలకు లోపలి బోర్డు చూపించండి. పైన ఏమి రాసి ఉన్నది, లోపల ఏమి ఉన్నది అని వారినే చెప్పనివ్వండి. వారు అక్కడితో ఆగకపోవచ్చు. మన గుమ్మం మీద వాక్యం వ్రాసి ఉన్నది, గోడకు సంఘ క్యాలెండరు ఉన్నది. ఆ గుమ్మం దాటి లోపలికి వస్తే మన మాటలు, మన లెక్కలు, పనిమనిషితో మన ప్రవర్తన ఎలా ఉన్నాయో బిడ్డలు రోజూ చూస్తూనే ఉన్నారు. మన ఇంటి లేబుల్ నిజమని వారు సాక్ష్యం చెప్పగలిగేలా జీవించుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక.