ఇంటికి ఇంటర్నెట్టు: ఎట్టిది తగినది?

ఇంటర్నెట్టు పట్టణవాసుల విలాసమని తలంచిన కాలము గతించినది. కిసాన్ సమ్మాన్ నిధికి ఈ-కేవైసీ చేయించుకొనవలెనన్నను, భూమి లెక్కలు చూచుకొనవలెనన్నను, పిల్లలు కళాశాల ప్రవేశమునకు కౌన్సెలింగులో తమ కోరికలను నమోదు చేయవలెనన్నను నేడదియే ఆధారము. గడువు దినమున ఇంటర్నెట్టు నిలిచిపోయినచో పోవునది వినోదము మాత్రమే కాదు. కోరిన కళాశాలలో స్థానమే పోవచ్చును.

ఇట్లుండగా పలువురు "ఏ కంపెనీది మంచిది?" అని యడుగుచుందురు. విత్తనము కొనువాడు ముందు తన నేలను చూచుకొనును గదా. అట్లే యిచ్చటను ముందు విచారింపవలసినవి మూడు: మన గడప వరకు నిలుకడగా వచ్చునది ఏది? మన ఇంటి పనికి ఎంత కావలెను? చెడిపోయిననాడు బాగుచేయువాడు ఎంత దూరమున నున్నాడు? ఈ మూడింటికి సమాధానము దొరకిన తరువాతనే కంపెనీ పేరు అడుగుట యుక్తము.

రకములు

మొదటిది సెల్లు ఫోను. దీనికి తీగ అక్కరలేదు, పొలమునందును పనిచేయును. కాని ఒక టవరు శక్తిని ఊరివారందరు పంచుకొందురు గనుక సాయంకాలము అందరు ఫోనులు తెరచు వేళ వేగము తగ్గును. దినమునకింత యని పరిమితియు నుండును.

రెండవది ఫైబరు. వెండ్రుకవంటి గాజుపోగులో వెలుతురు రూపమున సమాచారము ప్రయాణము చేయును. పాత టెలిఫోను రాగితీగలో దూరము పెరిగినకొలది వేగము క్షీణించును; గాజుపోగునకు ఊరి పొలిమేరలలో ఆ బాధ లేదు. ఆంధ్రప్రదేశములో 2017 డిసెంబరు 27వ తేదీన అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్‌గారు ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగలను విద్యుత్ స్తంభములమీదుగా లాగిరి. ఇందువలన ఖర్చు తగ్గినది, పని త్వరగా సాగినది. అయితే తుపానులో స్తంభము కూలినచో తీగయు కూలును. తెలంగాణములో మిషన్ భగీరథ నీటి గొట్టముల వెంబడి భూమిలో ఫైబరు మార్గము వేసిరి. దానికి గాలిభయము లేదు గాని గుంటలు త్రవ్వునప్పుడు తెగు భయము కలదు. భారత్‌నెట్ పథకము గ్రామపంచాయతుల వరకు తీగ తెచ్చుటకు ఉద్దేశింపబడినది. పంచాయతి కార్యాలయమునకు వచ్చిన తీగ మన ఇంటికి వచ్చినట్లు కాదని సభ్యులు గ్రహింపవలెను. అచ్చటినుండి ఇంటికి ఎవరు తెత్తురో విచారించుకొనవలెను.

మూడవది 2023లో మన దేశమున ప్రవేశించిన ఎయిర్‌ఫైబరు. పేరులో ఫైబరు ఉన్నను ఇంటికి ఫైబరు తీగ రాదు. 5జీ టవరునుండి వచ్చు తరంగములను డాబామీద అమర్చిన పెట్టె అందుకొనును. టవరు దగ్గరగా నుండి, నడుమ కొండగాని దట్టమైన తోటగాని లేకున్న బాగుగా పనిచేయును.

నాలుగవది ఉపగ్రహము. తీగయు టవరును చేరని కొండ గూడెములకు, ఒంటరి తోట ఇండ్లకు ఇది దారి. పాత పద్ధతి ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. మన మాట పోయి బదులు వచ్చుసరికి అర సెకండు పట్టును గనుక ముఖాముఖి సంభాషణ తడబడును. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగు కొత్త ఉపగ్రహములతో ఈ యాలస్యము మిక్కిలి తగ్గును. అట్టి స్టార్‌లింక్ సంస్థకు 2025లో కేంద్రప్రభుత్వము అనుమతి యిచ్చెను. అయినను మన ఊరిలో సేవ లభించుచున్నదని రూఢి చేసికొనక ఎవరికిని ముందుగా పైకము చెల్లింపరాదు.

ఎంత కావలెను?

ప్రకటనలలో 100, 300 అని కనబడు అంకెలు సెకండుకు వచ్చు మెగాబిట్టులు. ఎనిమిది బిట్టులు ఒక బైటు. కాబట్టి సెకండుకు ఒక మెగాబిట్టు చొప్పున గంటసేపు వాడినచో 450 మెగాబైటులు ఖర్చగును. విద్యార్థి పాఠము సెకండుకు ఒకటిన్నర మెగాబిట్టు చొప్పున వచ్చునని అనుకొందము. మూడు గంటలు వినినచో రెండు గిగాబైటులు అగును. దినమునకు రెండు గిగాబైటుల ఫోను పథకము అంతటితో తీరిపోవును. ఇంట చదువుకొను పిల్లలున్నచో ఫోను ఒక్కదానిని నమ్ముకొనరాదనుటకు ఈ లెక్కయే చాలును.

ఇక పెద్ద అంకెల భ్రమ. ఇద్దరు పిల్లలు పాఠము వినుచు, ఒకరు టీవీలో స్పష్టమైన చిత్రము చూచుచు, ఇంటి యజమాని ఫోనులో ధరలు చూచుకొనుచున్నను అన్నియు కలిపి పది, పన్నెండు మెగాబిట్టులకు మించదు. ముప్పది గల పథకము అట్టి కుటుంబమునకు సమృద్ధిగా సరిపోవును. అంతకు మించి చెల్లించుట రెండెకరముల చేనికి పదెకరముల ఇంజను కొనుట వంటిది.

ధర, కరెంటు

ప్రకటించిన ధరకు 18 శాతము జీఎస్టీ చేరును. 400 రూపాయల పథకము 472 అగును. దానిపైన తీగ లాగుటకు రుసుము ఎంత, పెట్టెకు ధరావతు ఎంత, పరిమితి దాటిన తరువాత వేగము ఎంతకు దిగును అను సంగతులను వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. సంవత్సరమునకు ఒక్కసారి కట్టిన తగ్గింపు అని ఆశ చూపుదురు. మొదటి రెండు నెలలు నెలసరి కట్టి చూచుట మేలు. రాత్రి ఎనిమిది గంటలకు, వానపడు దినమున పరీక్షించిన గాని నిజము తెలియదు.

మన గ్రామములలో మరువరానిది కరెంటు. ఫైబరు బాగుగానే యున్నను, ఇంటిలోని పెట్టెకు కరెంటు పోయిన ఇంటర్నెట్టు పోవును. ఈ పెట్టెలు సాధారణముగా 12 వోల్టులతో నడచును. దానికి తగిన చిన్న బ్యాటరీ పెట్టుకొనినచో గంటలకొలది ఆగక నడచును. పెట్టెను ఇంటి నడుమ ఎత్తున నుంచవలెను. ఇనుప బీరువా వెనుక ఉంచినచో, దళసరి గోడలు అడ్డమైనచో పక్క గదికి సైతము తరంగము చేరదు.

కలసి అడుగుట

ఒక్క ఇంటికొరకు తీగ లాగుటకు కేబులు ఆపరేటరు వెనుదీయును. వీధిలో పది ఇండ్లవారు కలసి అడిగినచో వచ్చును. రుసుము తగ్గించుమని అడుగుటకును బలము కలుగును. సిరిసిల్ల ప్రాంతమువారు 1970లో సహకార సంఘముగా ఏర్పడి తమ గ్రామములకు విద్యుత్తునే తెచ్చుకొనిరి. వారి పనిముందు ఇది స్వల్పము. లోపము కలిగినచో నోటిమాటతో విడువక ఫిర్యాదు సంఖ్య తీసికొనవలెను. 2012నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారము కంపెనీలోనే అప్పీలు అధికారి ఉండవలెను. మొదట న్యాయము జరుగనిచో ఆయనకు అప్పీలు చేసికొనవచ్చును.

కావున మా సలహా ఇది. ఇంటివరకు ఫైబరు వచ్చి, బాగుచేయువాడు దగ్గరలో నున్నచో దానినే తీసికొనుడు. రానిచోట, టవరు దగ్గరనున్న ఎయిర్‌ఫైబరును పరీక్షించి చూడుడు. ఒకరిద్దరే యుండి కొద్దిపాటి పని గలవారికి ఫోను చాలును. మరియొక మార్గము లేనివారికే ఉపగ్రహము. ఏది తీసికొన్నను ఒక ఫోనులో కొద్దిపాటి రీఛార్జి నిలుపుకొనుడు. గడువు దినమున తీగ తెగినచో అదియే ఆదుకొనును. వేగము కంటె నిలుకడ ముఖ్యమని మరువకుడు.