ఆ సీన్ తీసేస్తే కథ నడుస్తుందా?

ఇద్దరు అబ్బాయిల మధ్యో, ఇద్దరు అమ్మాయిల మధ్యో ప్రేమ ఉన్న కథ చర్చకొస్తే చాలు, ఎవరో ఒకరు తప్పకుండా ఒక మాట అంటారు: "కథ బాగుంది కానీ, అది అవసరమా?" సైన్స్ ఫిక్షన్ అయితే ఇంకా గట్టిగా అంటారు. రాకెట్లు, గ్రహాలు, ఏలియన్లు ఉన్నచోట పడగ్గది గొడవ ఎందుకని. సినిమాలో హీరో హీరోయిన్లు మంచుకొండల్లో డ్యూయెట్ పాడుకుంటున్నప్పుడు మాత్రం ఈ ప్రశ్న ఎవరికీ గుర్తురాదు.

అయినా ప్రశ్న చెడ్డదేం కాదు. కోడ్‌లో ఒక ఫంక్షన్ నిజంగా కావాలా లేదా అని డౌటొస్తే మనం ఏం చేస్తాం? దాన్ని కామెంట్ చేసి రన్ చేస్తాం. ప్రోగ్రామ్ మామూలుగా నడిస్తే అది అక్కర్లేదు. కుప్పకూలితే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉందని అర్థం. కథలకీ ఇదే టెస్ట్ పెట్టొచ్చు. సెక్స్‌నీ ప్రేమనీ తీసేసి చూద్దాం, కథ నడుస్తుందో లేదో.

ముందు పేరు సంగతి. "ఇలా అయితే ప్రపంచం ఎలా ఉంటుంది?" అనే ఊహ మీద నడిచే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ లాంటివన్నీ కలిపి స్పెక్యులేటివ్ ఫిక్షన్. ఆడ-మగ అనే గీతల్లో, వాళ్లిద్దరి జంట అనే లెక్కలో ఇమడని మనుషులు అందులో ముఖ్యమైతే అది క్వీర్ స్పెక్యులేటివ్ ఫిక్షన్. నేను తీసుకున్న మూడు ఉదాహరణలూ అమెరికన్ రచయితలవి, 1967 నుంచి 1972 లోపు వచ్చినవి. ఆ కాలం ఎలాంటిదంటే, 1967లో ఒక్క ఇల్లినాయ్ తప్ప అక్కడి రాష్ట్రాలన్నింటిలోనూ స్వలింగ సంబంధం నేరం. 1973 వరకూ అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని మానసిక రుగ్మతల జాబితాలో ఉంచింది. అలాంటప్పుడు రాసిన కథలివి.

మొదటిది శామ్యూల్ డిలేనీ కథ "ఆయ్, అండ్ గొమోరా". 1967లో "డేంజరస్ విజన్స్" అనే సంకలనంలో వచ్చింది, నెబ్యులా అవార్డు తెచ్చుకుంది. డిలేనీ నల్లజాతి రచయిత, గే. ఈ కథలో అంతరిక్షంలో పనిచేసేవాళ్లని స్పేసర్లు అంటారు. అక్కడి రేడియేషన్ వల్ల పుట్టబోయే పిల్లలకి ముప్పు కాబట్టి, ఆ పనికి ఎంచుకున్న పిల్లలకి యవ్వనం రాకముందే ఆపరేషన్ చేసేస్తారు. పెద్దయ్యాక వాళ్లు ఆడో మగో చూసి చెప్పలేం. వాళ్లకి లైంగిక కోరిక ఉండదు. కానీ భూమ్మీద కొంతమందికి స్పేసర్లంటేనే కోరిక. వాళ్లని ఫ్రెల్కులు అంటారు. స్పేసర్లు ఖాళీ దొరికినప్పుడు ఏదో ఒక ఊళ్లో దిగి, ఫ్రెల్కుల దగ్గర డబ్బు తీసుకుంటుంటారు. అలా ఇస్తాంబుల్‌లో దిగిన ఒక స్పేసర్‌కీ, ఒక టర్కీ అమ్మాయికీ మధ్య జరిగిన సంభాషణే ఈ కథ.

ఇందులో సెక్స్ సీన్ ఒక్కటీ లేదు. అయినా ఆ అమ్మాయి కోరికని కామెంట్ చేసి చూడండి. స్పేసర్ అంటే దూరప్రాంతంలో డ్యూటీ చేసే ఉద్యోగి, అంతే. ఆమె కోరిక ఎదురుగా ఉంటేనే, ఆ ఉద్యోగం ఈ మనిషి దగ్గర్నుంచి ఏం లాగేసుకుందో మనకి తెలుస్తుంది. తిరిగి కోరుకోలేని మనిషినే ఆమె ఎందుకు కోరుకుంటుందో కూడా ఆ మాటల్లోనే బయటపడుతుంది. ఇద్దరు ఒంటరివాళ్లు, మధ్యలో డబ్బు. కోరిక తీసేస్తే మిగిలేది ఒక రిక్రూట్‌మెంట్ నోటిఫికేషన్.

రెండోది నవల. ఉర్సులా లె గ్విన్ 1969లో రాసిన "ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్". హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి. గెథెన్ అనే మంచు గ్రహం మీద మనుషులకి శాశ్వతంగా ఆడ, మగ అని ఉండదు. 26 నుంచి 28 రోజుల చక్రంలో ఎక్కువ రోజులు వాళ్లు ఏదీ కారు. చివరి కొన్ని రోజులు "కెమ్మర్" అనే స్థితి వస్తుంది. అప్పుడు జంటలో ఒకరు ఆడ, ఇంకొకరు మగ అవుతారు. ఎవరు ఏమవుతారో ముందే చెప్పలేం. ఒకే మనిషి కొందరు పిల్లలకి తల్లి, ఇంకొందరికి తండ్రి కావచ్చు. ఈ నవలలో రాజుగారు గర్భంతో ఉంటారు, సభలో ఎవరూ ఆశ్చర్యపోరు.

మనకి ఈ ఊహ మరీ కొత్తదేం కాదు. ఉత్తరకాండలో ఇల కథ ఉంది కదా, ఒక నెల మగ, ఒక నెల ఆడ. బుధుడి వల్ల పురూరవుడు పుట్టాడు. తేడా ఏంటంటే, అక్కడ అది ఒక్క మనిషికి జరిగిన వింత. గెథెన్‌లో అందరూ అంతే. అక్కడ వింత మనిషి భూమి నుంచి వచ్చిన రాయబారి జెన్లీ ఐ. నెలంతా మగవాడిగానే ఉండే ఇతన్ని చూసి వాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది.

జెన్లీకి సాయం చేసినందుకు ఎస్ట్రావెన్ అనే మంత్రి పదవి పోగొట్టుకుని దేశం విడిచిపోవాల్సి వస్తుంది. అయినా జెన్లీకి ఎస్ట్రావెన్ మీద నమ్మకం కుదరదు, ఎందుకంటే ఆ మనిషిలోని స్త్రీని చూడటం అతనికి ఇష్టం లేదు. చివరికి ఇద్దరూ ఒక హిమానీనదం దాటాల్సి వస్తుంది. వారాల తరబడి ఒకే చిన్న గుడారంలో ఉంటారు. ఆ దారిలో ఎస్ట్రావెన్‌కి కెమ్మర్ వస్తుంది. ఇద్దరికీ కోరిక ఉంది, ఇద్దరూ దాని గురించి మాట్లాడుకుంటారు, వద్దనుకుంటారు. ఎదురుగా ఉన్నది సగం మగవాడు కాదు, పూర్తి మనిషి అని జెన్లీకి మొదటిసారి అర్థమయ్యేది అక్కడే. ఆ రాత్రి తీసేస్తే మిగిలేది మంచులో ఇద్దరి ట్రెక్కింగ్. జరగని సెక్స్ కూడా కథని మోయగలదు, అయితే అది జరిగే అవకాశం నిజంగా ఉండాలి.

ఈ నవలకి మన భాషతో ఒక సంబంధం కనిపించింది నాకు. లె గ్విన్ గెథెన్ వాళ్లందరికీ ఇంగ్లీషులో "హీ" అని వాడారు. విమర్శలొచ్చాయి. 1976లో ఒక వ్యాసంలో దాన్ని సమర్థించుకున్నారు. 1987లో అదే వ్యాసాన్ని మళ్లీ ముందేసుకుని, పాత వాక్యాల పక్కనే కొత్త వ్యాఖ్యలు రాస్తూ ఆ సమర్థనని వెనక్కి తీసుకున్నారు. కెమ్మర్ అంటే ఆడ-మగ జంటే అన్నట్టు రాయడం కూడా అనవసరమైన హద్దేనని ఒప్పుకున్నారు.

మరి తెలుగులో రాస్తే? పైన ఎస్ట్రావెన్ గురించి నేను రాసిన వాక్యాలు ఇంకోసారి చూడండి. "వెళ్లాడు" అనకుండా, "వెళ్లింది" అనకుండా ఎలాగోలా తప్పించుకున్నాను. "వారు వెళ్లారు" అనొచ్చు, కానీ దాంతో గౌరవం, దూరం వచ్చేస్తాయి. గుడారంలో ఇద్దరూ మాట్లాడుకునే చోట మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నేను వచ్చాను, నువ్వు వచ్చావు. ఎక్కడా ఆడా మగా తెలియదు. ఏరా, ఏమే అని పిలిస్తే తెలుస్తుందేమో గానీ, హాస్టల్లో అమ్మాయిలు ఒకళ్లనొకళ్లు "రా" అనుకోవడం మనం రోజూ వింటున్నదే. అంటే ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య తెలుగు పట్టించుకోదు. మూడో మనిషి దగ్గర వాళ్ల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడే "వాడా, ఆమెనా" అని నిలదీస్తుంది. ఈ నవల చెప్పేది కూడా దాదాపు ఇదేనని నాకనిపించింది. జెన్లీ రాయబారిగా రిపోర్ట్ రాసేటప్పుడు అతనికి అడ్డొచ్చిన ప్రశ్న, గుడారంలో నేను-నువ్వు అయ్యాక అడ్డు రాలేదు.

మూడో కథ దగ్గర నా టెస్టే తడబడింది. జోవానా రస్ 1972లో రాసిన "వెన్ ఇట్ చేంజ్డ్". దీనికీ నెబ్యులా వచ్చింది. వైల్‌అవే అనే గ్రహం మీద ఒక మహమ్మారికి మగవాళ్లంతా చనిపోయి కొన్ని వందల ఏళ్లు అయింది. రెండు అండాల్ని కలిపి పిల్లల్ని కనే పద్ధతి కనిపెట్టుకుని, ఆడవాళ్లే ఒక నాగరికతని నడుపుకుంటున్నారు. కథ చెప్పే జానెట్‌కి కేటీ అనే భార్య, యూకీ అనే కూతురు ఉన్నారు. కేటీ కారు భయంకరమైన స్పీడుతో నడుపుతుంది, జానెట్‌కి ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. వాళ్ల ప్రేమ గురించి పెద్ద వర్ణనలేం ఉండవు. ఏ ఇంట్లోనైనా ఉండే భార్యాభర్తల గొడవల్లాంటివే.

అప్పుడు భూమి నుంచి నలుగురు మగవాళ్లు దిగుతారు. మర్యాదగానే మాట్లాడతారు. కానీ వాళ్ల కళ్లకి అక్కడ కనిపించేది లోటు ఒక్కటే. ఇన్ని తరాల పెళ్లిళ్లు, పిల్లలు, పొలాలు, ఫ్యాక్టరీలు ఏవీ లెక్కలోకి రావు. మగవాళ్లు లేని బతుకు కాబట్టి ఇది అసలు బతుకు కాదు, మేమొచ్చాం కాబట్టి ఇక బాగుపడుతుంది అన్నట్టుంటుంది వాళ్ల ధోరణి. ఆ రోజు వరకూ జానెట్, కేటీల ప్రేమని "ఎందుకు?" అని అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ ఆ ప్రేమని కామెంట్ చేసి చూడాలనుకున్నప్పుడు నాకు తట్టింది: ఆ నలుగురూ చేస్తున్నది కూడా అదే కదా. "అది అవసరమా?" అనే మన ప్రశ్నే వాళ్ల నోట ఉంది. డిలేనీ, లె గ్విన్ ఆ ప్రశ్నకి జవాబు చెప్పారు. రస్ ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరిచ్చారని అడిగారు. ప్లాట్‌కి ఉపయోగపడితేనే ఇద్దరు ఆడవాళ్లు భార్యాభర్తల్లా ఉండాలనే రూల్ ఏదీ లేదు. మామూలు మొగుడూ పెళ్లాలకి కథల్లో ఆ పరీక్ష మనం ఎప్పుడూ పెట్టలేదు.

అంటే టెస్ట్ పనికిరాదని కాదు. షాక్ కోసం ఇరికించిన సీన్లని అది బాగానే పట్టిస్తుంది, ఎవరి మధ్యవైనా సరే. అందరికీ ఒకేలా పెట్టాలి, అంతే నేను అడిగేది. మన దేశంలో పెద్దవాళ్ల పరస్పర అంగీకారంతో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. అప్పటికి మనలో చాలామంది ఇంకా స్కూల్లోనే ఉన్నాం. ఈ మ్యాగజైన్ చదివేవాళ్లలో, మన బెంచీల్లో, తమ బతుకుని ఎవరో కామెంట్ చేసి చూస్తున్నట్టు రోజూ అనిపించేవాళ్లు తప్పకుండా ఉంటారు. "అది అవసరమా?" అన్న మాట వాళ్ల చెవిన పడేటప్పుడు కథ గురించిన మాటలా పడదు.

వచ్చే సంచికకి సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లకి ఒక మనవి. మీ కథలో క్రీ.శ. 3000 నాటికి కాంతికంటే వేగంగా పోయే ఓడలు వచ్చి, పెళ్లిచూపులు మాత్రం మన వీధిలో జరిగినట్టే జరుగుతుంటే, అది కూడా మీరు కూర్చుని డిజైన్ చేసిందే. డిఫాల్ట్ సెట్టింగ్ మార్చకుండా వదిలేశారు, అంతే. మార్చమని అనట్లేదు. ఒకసారి ఓపెన్ చేసి చూడమంటున్నాను.