ఎర్రగా కనిపించేదంతా అడవేనా?

మాది గుర్రంకొండ దగ్గర సేద్యపు కుటుంబం. మూడెకరాల మామిడి తోపు ఉంది. ఉపగ్రహ చిత్రంలో మన తోపు కూడా అడవి లెక్కలోకి వస్తుందని చెబితే నాయన ఉలిక్కిపడ్డాడు. "నీళ్లు మోసి పెంచింది నేను, అది అడివెట్లయితాదిరా?" అన్నాడు. ఆయనకు జవాబు చెప్పబోయి నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఆకులోని పత్రహరితం ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది. కంటికి కనబడని పరారుణ కాంతిని మాత్రం ఆకు లోపలి కణాలు వెనక్కి కొడతాయి. ఉపగ్రహ కెమెరా ఈ రెండింటినీ విడివిడిగా కొలుస్తుంది. కనబడని కాంతికి చిత్రంలో ఎరుపు రంగు వేస్తారు గనుక పచ్చని చెట్లు ఎర్రగా పడతాయి. మన లిస్-3 కెమెరాకు ఒక్కో గడి 23.5 మీటర్ల చదరం. మా తోపంతా కలిపి ఇరవైరెండు గడులు! ఏ చెట్టూ విడిగా కనబడదు, గుబురు తెలుస్తుందంతే.

హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ (2008 నుంచి సెంటర్) లాండ్‌శాట్ చిత్రాలతో 1972-75, 1980-82 నాటి అడవులను పోల్చింది. దేశ విస్తీర్ణంలో 16.89 శాతం కాస్తా 14.10కి దిగినట్లు తేలింది. 1987 నుంచి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదికలు వెలువడుతున్నాయి. వారి నిర్వచనం ప్రకారం హెక్టారుకు తగ్గని నేలలో చెట్ల నీడ పది శాతం ఉంటే చాలు, నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా, అది 'అటవీ ఆచ్ఛాదన'. చట్టం చెప్పే అటవీభూమి వేరు. ఇది విన్నాకే నాయన కుదుటపడ్డాడు.

నాకు మాత్రం కుదుట లేదు. గుట్ట మీద చెట్లు పోయి కింద తోపులు పెరిగితే మొత్తం అంకె కదలకపోవచ్చు. జేజి గుట్ట నుంచి తెచ్చే సీతాఫలాలు, బలుసుపండ్లు ఏ అంకెలో చూడాలి?

విడదీయడానికి ఒక దారి ఉంది. గుట్టల్లో ఆకు రాల్చే చెట్లే ఎక్కువ. వానల తర్వాతి చిత్రంలో గుట్టా తోపూ రెండూ ఎరుపే. ఎండాకాలపు చిత్రంలో గుట్ట బోడిగా, తోపు మాత్రం ఎర్రగా ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. అయినా ఆ గడిలో ఏ చెట్టుందో కాలినడకన పోయి చూసి రావాల్సిందే.

ఈ సెలవుల్లో గుట్ట ఎక్కి రాసుకు రావాలని ఉంది. వృక్షశాస్త్రం మిత్రులెవరైనా తోడొస్తే మేలు. నాకు చెట్ల పేర్లు జేజి పిలిచేవే తెలుసు.