రోళ్లపాడు గడ్డిమైదానం: సందర్శకుల బాధ్యత

విహారయాత్ర అనగానే మన వెలుగోడు విద్యార్థుల దృష్టి నల్లమల వైపు, శ్రీశైలం వైపు మరలుట సహజం. రోళ్లపాడు పేరు చెప్పినపుడు మాత్రం "అక్కడ గడ్డి తప్ప ఏమున్నది?" అని ప్రశ్నించిన వారే మాకు ఎక్కువగా తారసపడినారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ చిన్న వ్యాసం.

మన జిల్లాలోనే, మిడుతూరు మండలంలో ఉన్న రోళ్లపాడును 1988లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 6 చదరపు కిలోమీటర్లు మాత్రమే. రాజస్థాన్‌లో జైసల్మేర్, బార్మేర్ జిల్లాలలో విస్తరించిన ఎడారి జాతీయ ఉద్యానం 3 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. పరిమాణంలో పోలిక లేకున్నను ఈ రెండింటికీ ప్రసిద్ధి తెచ్చినది ఒకే పక్షి, బట్టమేక. దట్టమైన అడవి దానికి పనికిరాదు. విశాలమైన పొడి గడ్డినేలయే కావాలి. సాధారణంగా ఒకే గుడ్డును, అదియును నేలమీదనే పెడుతుంది. మనం బంజరని తలచిన భూమియే దాని ఇల్లు. పచ్చికబయళ్లు పొలాలుగా మారుట, వేట, విద్యుత్తు తీగలు ఈ జాతిని క్షీణింపజేసినవి. దేశమంతటా మిగిలినవి 150కి మించవని అంచనా. రోళ్లపాడులో కొన్నేళ్లుగా అది కానరావడం లేదు.

అయినను కృష్ణజింకలు, తోడేళ్లు ఆ మైదానంలో ఉన్నవి. శీతాకాలంలో గద్ద జాతి వలస పక్షులు వచ్చి రాత్రివేళ గడ్డిలోనే విశ్రమిస్తాయి. కనుక యాత్రకు శీతాకాలమే అనుకూలం. వానకాలం నేలనెమలి వంటి పక్షులు గూడు కట్టే సమయం. అపుడు బాట విడిచి నడిస్తే గుడ్లు మన పాదాల క్రింద పడవచ్చును.

వెళ్లదలచినవారు ముందుగా అటవీశాఖ అనుమతి పొందవలెను. చిన్న బృందంగా, ఉదయమే చేరవలెను. త్రాగునీరు, దూరదర్శిని వెంట ఉండవలెను. మైకులు, వాహనాల హారన్లు వలదు. జింకలను వాహనంతో తరుముట వినోదం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎండుగడ్డిలో ఒక్క అగ్గిపుల్ల చాలును, మైదానమంతా దగ్ధమగుటకు. పారవేసిన అన్నం కుక్కలను రప్పిస్తుంది. అవి నేలగూళ్లకు శత్రువులు.

మరియొక మాట. జింకల వలన పంట నష్టపోయే రైతులు ఆ చుట్టుప్రక్కల ఉన్నారు. వారి చేలను త్రొక్కక, వారి కష్టమును అడిగి తెలిసికొనవలెను. వారి సహనం లేనిదే ఏ అభయారణ్యమూ నిలువదు.

బట్టమేకను మన తరం చూడలేకపోయినది. మిగిలినవాటినైనను రాబోవు విద్యార్థులకు చూపగలుగుట మన నడవడిపై ఆధారపడియున్నది.